టైగరు హిల్లు చూపిన శిఖరము

డార్జిలింగు చేరువనున్న టైగరు హిల్లు ఎత్తు సుమారు 8,500 అడుగులు. మన తూర్పు కనుమలలో దానికి సాటివచ్చు శిఖరమొక్కటియు లేదు. అయినను హిమాలయముల యెదుట అది గుట్టయే. దానిపై నిలిచినవారికి సూర్యోదయవేళ కాంచనగంగ ఆకసము నిండినట్లు కనుపించును. ఎవరెస్టు మాత్రము దూరమున, ఇతర శిఖరముల నడుమ చిన్నదిగా తోచును.

ఈ కంటిమోసమునకు సర్వేవారును లోనైరి. 19వ శతాబ్ది నడుమ కొంతకాలము కాంచనగంగయే లోకమున అత్యున్నతమని వారు తలంచిరి. 1802లో మద్రాసు పరంగికొండ చెంత ఆరంభమైన ఆ మహాసర్వే 1847 నాటికి హిమాలయములను కొలుచుచుండెను. ఆ కొలతలను గుణించినవారిలో ముఖ్యుడు వంగీయుడైన రాధానాథ శిక్దారు. 1856లో 29,002 అడుగులని ప్రకటితమైన శిఖరమునకు 1865లో స్థిరపడిన పేరు ఆయనది కాదు. సర్వే పూర్వాధిపతి జార్జి ఎవరెస్టుది.