బేడ లెక్క, చుక్క లెక్క

1957 ఏప్రిల్ 1న మన దేశంలో దశాంశ నాణేలు చలామణీలోకి వచ్చాయి. అంచెట్టి, హోసూరు ప్రాంతం అప్పుడు మద్రాసు రాష్ట్రపు సేలం జిల్లాలో ఉండేది. అంతవరకు రూపాయికి 16 అణాలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. ఆ రోజునుంచి రూపాయికి 100 నయాపైసలు. బేడ సరిగ్గా పన్నెండున్నర పైసలైంది. అంటే రూపాయిలో 0.125.

రెండున్నర రూపాయల్లో బేడలెన్ని? పాత పద్ధతిలో రెండున్నర రూపాయలు 40 అణాలు, బేడ 2 అణాలు. కనుక 20 బేడలు. ఇదే లెక్కను బడిలో 2.5 ÷ 0.125 అని వేస్తే పిల్లలు జంకుతారు. రెండింటినీ వెయ్యితో హెచ్చవేస్తే 2500 ÷ 125. జవాబు అదే 20. చుక్కను జరపడమంటే రెండు మొత్తాలనూ ఒకే చిన్న కొలతలోకి దించడమే. నాటివారు అణాల్లోకి దించారు, మనం వెయ్యోవంతుల్లోకి దించుతున్నాం.

మరో దారీ ఉంది. భిన్నంతో భాగించాలంటే దాన్ని తిరగేసి హెచ్చవేయాలని 9వ శతాబ్దిలోనే కన్నడదేశపు మహావీరాచార్యుడు చెప్పాడు. ఆయన గణితగ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. బేడ రూపాయిలో ఎనిమిదోవంతు. రెండున్నరను 8తో హెచ్చవేసినా 20 వస్తుంది.

1964లో 'నయా' అనే మాట పోయి పైస మిగిలింది. బేడ అన్న మాట మన పిల్లలకు దాదాపు తెలియదు. వాళ్లు బడిలో లెక్కలు ఏ భాషలో నేర్చినా, ఇంట్లో ఒకసారి బేడ, పావలా లెక్క తెలుగులో చెప్పి చూడండి. చుక్కను ఎందుకు జరుపుతున్నారో వాళ్లకే తెలిసివస్తుంది.