కాల్పనిక శ్రవణ పుస్తకాలు: పఠిత గొంతు, శ్రోత తీర్పు

ఉపోద్ఘాతం

కథలను, నవలలను వినే అలవాటు గురించి రాసిన చరిత్రలలో యంత్రానిదే ప్రధాన స్థానం. గ్రామఫోను పళ్లెం, క్యాసెట్టు, సీడీ, మొబైల్ ఫోను అనే క్రమంలో ఆ చరిత్ర సాగుతుంది. శ్రోతలు మాత్రం యంత్రం కంటే చదివిన గొంతు గురించే ఎక్కువగా మాట్లాడతారు. నవల మంచిదే కాని చదివినవారు దాన్ని పాడుచేశారని ఒకరు, సాధారణమైన కథను గొంతు నిలబెట్టిందని మరొకరు అంటారు. వీటిని వ్యక్తిగత అభిరుచులుగా భావించి సాహిత్య విమర్శ పక్కన పెడుతూ వచ్చింది. శ్రోత పఠిత మీద ఇచ్చే తీర్పు వాస్తవానికి తన పఠన స్వాతంత్ర్యం మీద ఇచ్చే తీర్పు అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ రెండు పదాలను వేరుచేసుకోవాలి. రచనలో కథ చెప్పేవాడు కథకుడు. ఆ రచనను గొంతెత్తి చదివే వ్యక్తి పఠిత. అచ్చు పుస్తకంలో కథకుడొక్కడే ఉంటాడు. శ్రవణ పుస్తకంలో ఇద్దరూ ఉంటారు. వారిద్దరి మధ్య దూరం ఎంత ఉండాలన్నదే శ్రోతల వాదాలన్నింటికీ మూలం.

తొలి శ్రోతలు

థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టాడు. మరుసటి సంవత్సరం దాని ప్రయోజనాలను వివరిస్తూ రాసిన వ్యాసంలో అంధులకు వినిపించే పుస్తకాలను కూడా పేర్కొన్నాడు. అయితే నాటి రేకు చుట్టలో కొద్ది మాటలు తప్ప నవల ఇమడదు. ఆ ఊహ ఆచరణలోకి రావడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది. అమెరికాలో అంధుల గ్రంథాలయ సేవకు 1931లో చట్టం ఏర్పడగా, 1934 నుంచి రికార్డు పుస్తకాలు అందసాగాయి. బ్రిటన్‌లో ఈ ప్రయత్నానికి మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల అవసరం ప్రేరణ అయింది. వయసు వచ్చాక బ్రెయిలీ నేర్చుకుని వేగంగా చదవడం చాలామందికి కష్టమైంది. సోమ్ యుద్ధంలో అంధుడైన ఇయాన్ ఫ్రేజర్ ఈ కృషికి నాయకత్వం వహించాడు. 1935 నవంబరు 7న అక్కడ ‘మాట్లాడే పుస్తకాల’ సేవ మొదలైంది. పళ్లెం నిమిషానికి 24 చుట్లు తిరిగేది. ఒక వైపు సుమారు 25 నిమిషాల పఠనం పట్టేది. ఒక నవలకు దాదాపు పది పళ్లేలు కావలసివచ్చేవి.

పఠిత నటించాలా, చదవాలా అన్న ప్రశ్న ఈ శ్రోతల మధ్య తొలినాళ్లలోనే తలెత్తింది. సాదాగా చదివితే చాలునన్న వారి వాదంలో ఒక బలముంది. నాటకం వినడానికి వారికి రేడియో ఉంది. లేనిదల్లా పుస్తకమే. అంతవరకూ వారు ఇంట్లోవారి దయమీద చదివించుకున్నారు. చదివిపెట్టేవారికి తీరికున్నప్పుడే పుస్తకం తెరుచుకుంటుంది. విసుగొచ్చిన పేరాలను వారు దాటేయవచ్చు. సిగ్గుపడిన చోట గొంతు తగ్గించవచ్చు. పళ్లెం మీది గొంతు ఆ పరాధీనతను తొలగించింది. అటువంటి గొంతు మళ్లీ తన వ్యాఖ్యానాన్ని జోడిస్తే, పోయిన పరాధీనతే మరో రూపంలో తిరిగి వచ్చినట్లవుతుంది. కాబట్టి సాదా పఠనం కావాలనడం ఒక హక్కును కోరడమే.

రెండు పుస్తకాలు, రెండు పరీక్షలు

బ్రిటన్‌లో మొదట వెలువడిన పళ్లేలలో అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ (1926), జోసెఫ్ కాన్రాడ్ ‘టైఫూన్’ ఉన్నాయి. పఠిత సమస్యకు ఇంతకంటే తగిన ఉదాహరణలు దొరకవు.

క్రిస్టీ నవలలో కథ చెప్పేది గ్రామ వైద్యుడు షెపర్డ్. అతడే హంతకుడని చివరలోగాని తెలియదు. అచ్చులో ఆ రహస్యాన్ని వాక్య నిర్మాణం కాపాడుతుంది. అక్షరానికి గొంతు లేదు కనుక వణుకూ లేదు. వినిపించే పుస్తకంలో ఆ భారం పఠిత మీద పడుతుంది. చివరి అధ్యాయం తెలిసిన పఠిత మొదటి అధ్యాయంలోనే గొంతులో అనుమానం పలికిస్తే నవల అక్కడితో ముగిసినట్లే. మరీ అమాయకంగా పలికితే, రెండోసారి వినే శ్రోతకు మోసపోయినట్లనిపిస్తుంది. కథకుడికి తెలిసినది పఠితకూ తెలుసు. తెలిసినట్లు వినిపించకపోవడమే ఇక్కడ విద్య.

‘టైఫూన్’ పెట్టే పరీక్ష వేరు. అందులో కెప్టెన్ మాక్‌విర్ మితభాషి, ఊహాశక్తి అంతగా లేనివాడు. చుట్టూ సముద్రం విరుచుకుపడుతున్నా అతని మాట పొడిగానే ఉంటుంది. తుఫాను ఉధృతికి తగినట్లు పఠిత గొంతు పెంచుతూ పోతే ఆ మనిషి మనకు దక్కడు. గాలి హోరు కాన్రాడ్ వాక్యాలలోనే ఉంది. గొంతు నిలకడగా ఉన్నప్పుడే ఆ హోరుకూ ఈ మౌనానికీ మధ్య తేడా శ్రోతకు అందుతుంది.

తెలుగు శ్రోత సంస్కారం

తెలుగువారికి వినడం కొత్త కాదు. పురాణ కాలక్షేపంలో పౌరాణికుడు పద్యం చదివి, అర్థం చెప్పి, పిట్టకథ కలిపేవాడు. శ్రోతలకు కథ ముందే తెలుసు; వారు ఎదురుచూసేది వ్యాఖ్యానం కోసమే. 1938లో మద్రాసు, 1948లో విజయవాడ రేడియో కేంద్రాలు వచ్చాక నాటిక మరో శ్రవణ సంస్కారాన్ని అలవరచింది. ఈ రెండూ ప్రదర్శన కళలే. నవల అలా కాదు. కథ ఏమవుతుందో శ్రోతకు తెలియదు; వ్యాఖ్యానం తానే చేసుకోవాలి. తెలుగు శ్రవణ పుస్తకాలపై శ్రోతల అభిప్రాయభేదాలకు ఈ సంస్కారాల కలయికే కారణమని చెప్పవచ్చు.

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ దీనికి మంచి నిదర్శనం. మొగల్తూరు పార్వతీశం తన కథను తానే చెబుతాడు. తాను నవ్వు పుట్టిస్తున్నానని అతనికి తెలియకపోవడంలోనే హాస్యముంది. పఠిత ముందుగా నవ్వితే శ్రోతకు నవ్వేందుకేమీ మిగలదు. క్రిస్టీ నవలలో నేరాన్ని దాచినట్లే ఇక్కడ హాస్యాన్ని దాచాలి. నవీన్ ‘అంపశయ్య’ (1969)లో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి చైతన్య స్రవంతి ఉంటుంది. అది ఎవరికో చెప్పే మాట కాదు. సభలో ఉపన్యసించినట్లు చదివితే ఆ ఏకాంతం చెదిరిపోతుంది.

మాండలికం మరింత జాగ్రత్త కోరే అంశం. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ వంటి తెలంగాణ నవలను చదివేవారు రెండు విధాలుగా తప్పటడుగు వేయవచ్చు. పాత్రల పలుకును పాఠ్యపుస్తక భాషవైపు లాగడం ఒకటి. సినిమాలలో హాస్యపాత్రలకు అంటగట్టిన యాసతో పలకడం మరొకటి. మొదటిది పాత్రల ఊరిని చెరిపేస్తుంది. రెండోది వారి బాధను పరిహాసం చేస్తుంది. అచ్చులో ఆ మాటలను ఆ ప్రాంతపు పాఠకుడు తన ఇంటి పలుకుబడితోనే చదువుకుంటాడు. శ్రవణ పుస్తకంలో ఆ అవకాశం అతని చేతినుంచి పఠిత చేతికి పోతుంది. ఆ శ్రోత ఆక్షేపణను సంకుచిత ప్రాంతాభిమానం అనడం న్యాయం కాదు.

ఒక ఆక్షేపణ

సాదా పఠనం నిర్జీవంగా ఉంటుందనే అభ్యంతరం ఉంది. భావం తెలియక ఒకే స్థాయిలో చదివితే ఎవరికైనా విసుగే. కాని ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద బరువు వేయాలో నిర్ణయించడానికే రచనను లోతుగా అర్థం చేసుకోవాలి. సంయమనం అవగాహన లేనివారికి సాధ్యం కాదు. మరోవైపు, కంప్యూటరు పలికే యాంత్రిక స్వరంతో చాలా వేగంగా నవలలు వినే అంధ పాఠకులు నేడు ఉన్నారు. ఆ స్వరంలో అందం లేదు. అడ్డం కూడా లేదు. వారి ఎంపిక 1935 నాటి కోరికకు కొనసాగింపుగా కనిపిస్తుంది.

ముగింపు

అంధ పాఠకులకు పుస్తకాలను అందుబాటులోకి తెచ్చే మర్రకేష్ ఒప్పందం 2013లో కుదిరింది. 2014లో దాన్ని మొట్టమొదట ధ్రువీకరించిన దేశం భారతదేశమే. పుస్తకం చెవికి చేరే హక్కును చట్టం గుర్తించింది. అది ఏ విధంగా చేరాలన్నది విమర్శ పట్టించుకోవలసిన విషయం. అనువాదకుని పనిని మూలంతో పోల్చి పరిశీలిస్తున్నట్లే పఠిత పనిని కూడా పరిశీలించాలి. కథకుడికీ పఠితకూ మధ్య దూరం, విరామాలు, మాండలిక నిర్వహణ అందుకు తగిన ప్రమాణాలు. శ్రోతల అభిప్రాయాలే అందుకు తొలి ఆధారాలు. కళ్లతో చదివేవారికి తమ ఊహ ఎంత సొంతమో, చెవితో చదివేవారికీ అంతే.