ఊ కొట్టిన చదువు: బళ్ళారి సీమలో పసిపిల్లల నీతికథలు

1823 ఆగస్టు 17న బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తన జిల్లాలోని బడుల గురించి పై అధికారులకు నివేదిక రాశాడు. అంతకు 7 ఏళ్ల కిందటే తెలుగు వ్యాకరణం అచ్చు వేయించిన దొర ఆయన. జిల్లాలో అప్పుడు 533 బడులు, 6,641 మంది పిల్లలు. కన్నడం చెప్పే బడులు 235, తెలుగు చెప్పేవి 226. ఈ సీమలో రెండు భాషలూ ఎంత సమంగా నడిచేవో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఆడపిల్లలు మాత్రం 60 మందే.

ఐదో ఏట చదువు మొదలయ్యేది. పంతులు, తోటి పిల్లలు ఇంటికి వచ్చేవారు. వినాయకుడి ముందు బియ్యంలో పిల్లవాడి వేలు పట్టి రాయించేవారు. తర్వాత బడిలో ఇసుక మీద అక్షరాలు. పెద్దయ్యే కొద్దీ రామాయణ భారత భాగవతాలు, వాటితోపాటు పంచతంత్రం, బేతాళ కథలు. నీతి చెప్పే కథలకు కొదవ లేదు. లోపం మరోచోట ఉందని క్యాంబెల్ గుర్తించాడు. పద్యాల భాష పిల్లలు మాట్లాడే భాష కాదు. ఎన్నో పద్యాలు వల్లె వేసేవారు గానీ, చిలకపలుకులే తప్ప అర్థం తెలిసేది కాదు.

బడిలో అందని అర్థం ఇంట్లో, ఊరి నడుమ అందేది. అవ్వ కథ చెబుతుంటే పిల్లవాడు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. అర్థమైందో లేదో తెలుసుకోవడానికి అంతకంటే మంచి పరీక్ష లేదు. రాత్రిళ్లు తోలుబొమ్మలాట, బుర్రకథ. సండూరు తాలూకా దరోజికి చెందిన బుడగ జంగాల కళాకారిణి ఈరమ్మ 2014లో కన్నుమూసేదాకా ఆ కథాసంపద కంఠంలోనే మోసింది. బెళగల్లు వీరణ్ణ తోలుబొమ్మలతో పురాణాలే కాదు, గాంధీజీ జీవితాన్నీ ఆడించాడు. ఆయన 2023లో కన్నుమూశాడు.

కథను బడిలోకి తెచ్చే ఆలోచన గుజరాత్‌లో గిజుభాయి బధేకా చేశాడు. 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. ఆయన ‘దివాస్వప్నం’లోని ఉపాధ్యాయుడు అల్లరి తరగతిని బెత్తంతో కాదు, కథతో దారికి తెస్తాడు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి. బళ్ళారి మైసూరుకు వెళ్లింది. సరిహద్దు గీత పడింది గానీ, ఇళ్లలో తెలుగు పోలేదు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో అంగన్‌వాడీలు వచ్చాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు, కథలు అక్కడి చదువులో భాగమయ్యాయి. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కథకూ, ఇంటి భాషకూ పెద్దపీట వేసింది. రెండు వందల ఏళ్ల నాడు క్యాంబెల్ ఎత్తిచూపిన లోపానికి ఇది సరైన మందు.

అయితే ఆ మందు పిల్లవాడి దాకా చేరాలి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం వినే పసివాడికి కథ చివర నీతివాక్యం అప్పజెప్పిస్తే మళ్లీ పాత చిలకపలుకులే అవుతాయి. ఈ సీమకు ఇందులో ఒక అదృష్టం ఉంది. పులికిచ్చిన మాట కోసం, దూడకు పాలిచ్చి తిరిగివచ్చిన ఆవు కథ కన్నడంలో పుణ్యకోటి గోవు పాటగా ఉంది. తెలుగులో అనంతామాత్యుడి భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదంగా ఉంది. సత్యం ఒకటే, భాషలు రెండు.

బళ్ళారి అంగన్‌వాడీ టీచర్లకు, తల్లులకు, అవ్వలకు నా విన్నపం ఇదే. ఆ కథను రెండు భాషల్లోనూ చెప్పండి. చివర నీతి మీరు చెప్పకండి. ఆవు ఎందుకు తిరిగి వచ్చిందో పిల్లలనే అడగండి. జవాబు ఏ భాషలో వచ్చినా ఊ కొట్టండి.