పాత కంచెకు కొత్త కర్ర

కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో మా అమ్మాయి మొంటానా రాష్ట్రంలోని డీర్ లాడ్జ్ అనే చిన్న ఊరికి వెళ్ళి, యువజన స్వచ్ఛంద బృందంతో కలిసి రెండు వారాల పాటు పాత కంచెలు బాగుచేసి వచ్చింది. సంగతి తెలిసి, గుంటూరు జిల్లాలో ఉన్న మా అమ్మ ఫోనులో నన్ను నిలదీసింది: "చదువుకునే పిల్లని కంచెలు కట్టడానికి పంపావా? మన చేనికి కట్టమంటే నువ్వెప్పుడైనా కట్టావుట్రా?" నా దగ్గర సమాధానం లేదు. అమ్మాయిని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు ఆ కంచెను స్వయంగా చూశాను. తొక్క తీసిన పైన్ వాసాలు, కత్తెరలా దాటించి నిలబెట్టిన జంట కాళ్ళ మీద, కొండల వైపు సాగిపోతున్నాయి. కొన్ని బూడిదరంగుకు తిరిగిన పాతవి. కొన్ని తేనెరంగులో మెరుస్తున్న కొత్తవి.

నాకు కలిగిన మొదటి సందేహం ఇది: కోటనో గుడినో కాపాడుకోవడం అర్థమవుతుంది. రెండు మూడు దశాబ్దాలకు పుచ్చిపోయే కర్రల వరుసలో కాపాడవలసిన చరిత్ర ఏముంది? ఒక్కొక్క కర్రా మారిపోయాక అది పాత కంచె ఎలా అవుతుంది? ఆ సందేహం వెంట పోయి చదివినదీ, చూసినదీ ఈ వ్యాసం.

బందెలదొడ్డి లేని దేశం

పల్లెటూళ్ళలో పెరిగిన నా తరంవారికి బందెలదొడ్డి తెలుసు. ఎవరి గేదె అయినా పరాయి చేలో పడి మేస్తే తోలుకుపోయి దొడ్లో కట్టేవారు. యజమాని జరిమానా చెల్లించి విడిపించుకోవాలి. 1871లో వలసప్రభుత్వం తెచ్చిన పశువుల అతిక్రమణ చట్టం ఈ ఏర్పాటుకు అధికార రూపమిచ్చింది. దాని వెనక ఉన్న న్యాయం సులభమైనది: పశువును అదుపులో పెట్టుకోవలసిన బాధ్యత పశువు గలవాడిది.

అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో ఈ న్యాయం తలకిందులైంది. అక్కడ పశువు స్వేచ్ఛగా తిరగవచ్చు. పంట కాపాడుకోదలచినవాడే తన చేను చుట్టూ కంచె వేసుకోవాలి. వేసుకోకపోతే నష్టం అతనిదే. దీన్నే 'ఓపెన్ రేంజ్' పద్ధతి అన్నారు. మొంటానాలో చాలా ప్రాంతాల్లో ఈ సూత్రం నేటికీ అమల్లో ఉంది. కాబట్టి అక్కడి తొలి కంచెలు పశువులను లోపల బంధించడానికి కాదు, బయట ఉంచడానికి పుట్టాయి. ఈ తేడా తెలియకపోతే అక్కడి కంచెల చరిత్ర బోధపడదు.

మన భాషలోనూ ఒక విశేషం ఉంది. కంచె అంటే దడి. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే బీడు. చుట్టూ వేసినదానికీ, లోపల ఉన్నదానికీ ఒకే మాట అతుక్కుంది. డీర్ లాడ్జ్‌లో జరిగిన కథ కూడా ఈ రెండు అర్థాల మధ్య నడిచినదే.

గ్రాంట్, క్వారా, కోర్స్

మా అమ్మాయి పనిచేసిన చోటు పేరు గ్రాంట్-కోర్స్ ర్యాంచ్. 1972లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. నేషనల్ పార్క్ సర్వీస్ నిర్వహణలో నేటికీ అక్కడ పశువులు మేస్తాయి, గడ్డి కోస్తారు.

దాన్ని మొదలుపెట్టిన జానీ గ్రాంట్ మేటీ జాతివాడు. అంటే ఐరోపా, ఆదివాసీ రక్తసంబంధాలు కలిసిన కెనడా సమాజానికి చెందినవాడు. 1850లలో ఆరెగన్ బాటన పడమటికి పోయే వలసదారులకు ఎదురేగి, నడిచి నడిచి డస్సిపోయిన రెండు పశువులను తీసుకుని, పుష్టిగల ఒక పశువును ఇచ్చేవాడు. డస్సినవాటిని పచ్చిక లోయల్లో మేపి, మరుసటి ఏడు అదే బాట మీద అమ్మేవాడు. ఆ వ్యాపారమే అతని మందకు మూలం. 1862లో డీర్ లాడ్జ్ లోయలో పెద్ద ఇల్లు కట్టాడు. అతని భార్య క్వారా షోషోనీ-బానక్ తెగల స్త్రీ. ఆమె బంధువర్గం అండ లేనిదే ఆ లోయల్లో అతని మంద నిలిచేది కాదు.

1866లో గ్రాంట్ తన ర్యాంచ్‌ను 19,200 డాలర్లకు కాన్రాడ్ కోర్స్ అనే జర్మన్ వలసదారుకు అమ్మాడు. కోర్స్ బంగారు గనుల శిబిరాల్లో మాంసం కొట్టే పనితో బతుకు మొదలుపెట్టినవాడు. గనిలో బంగారం ఎవరికి దొరికినా దొరకకపోయినా, గని తవ్వేవాళ్ళందరికీ మాంసం కావాలని అతను గ్రహించాడు. తన సోదరుడు జాన్ బీలెన్‌బర్గ్‌తో కలిసి వ్యాపారాన్ని ఎంతగా పెంచాడంటే, ఉచ్ఛస్థితిలో వారి పశువులు అమెరికా రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ కలిపి కోటి ఎకరాలకు పైగా నేలమీద మేశాయి.

ఆ కోటి ఎకరాల్లో అధికభాగం కోర్స్ సొంతం కాదు, ప్రభుత్వ భూమి. అది ప్రభుత్వానిది ఎలా అయింది? 1855 నాటి హెల్‌గేట్ ఒప్పందంతో సాలిష్, కూట్‌నే, పెండోరే ప్రజలు పశ్చిమ మొంటానాలో విస్తారమైన భూమిని వదులుకోవలసి వచ్చింది. రాకీ పర్వతాలకు తూర్పున, మైదాన ప్రాంత తెగలకు జీవనాధారమైన అడవిదున్నల మందలు 1880ల మధ్యనాటికి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అలా ఖాళీ అయిన గడ్డిమీదికే ఈ పశువులు వచ్చాయి. 'ఓపెన్' అన్న మాట వెనక ఇంత కథ ఉంది. ఆ నేల మొదటినుంచీ తెరిచి ఉన్నది కాదు. కొందరిని పక్కకు తప్పించాక తెరుచుకున్నది.

కంచె చేను మేసినప్పుడు

1874 నవంబరు 24న ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ గ్లిడెన్ అనే రైతుకు ముళ్ళతీగపై పేటెంటు లభించింది. మెలితిప్పిన రెండు తీగల మధ్య ముల్లు జారిపోకుండా ఇరికించడం అతని ఉపాయం. చెట్లు కరువైన మైదానాల్లో కర్రకంచె వేయడం తలకు మించిన ఖర్చు. తీగ చవక, తేలిక. హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు పొందిన చిన్న రైతుకు అది వరమైంది.

అయితే ఆ వరం చిన్న రైతు దగ్గరే ఆగలేదు. పెద్ద పశుయజమానులు తమవి కాని వేల ఎకరాల ప్రభుత్వ భూమిని, నీటి చెలమలను, దారులను సైతం తీగతో చుట్టేశారు. కంచె చేను మేసిందన్న మన సామెత అక్షరాలా నిజమైంది. 1883లో టెక్సస్‌లో రాత్రిపూట ముసుగులేసుకున్న గుంపులు తీగలు తెంచాయి. ప్రాణాలు కూడా పోయాయి. మరుసటి ఏడే ఆ రాష్ట్రం కంచె తెంచడాన్ని పెద్దనేరంగా ప్రకటించింది. 1885 ఫిబ్రవరిలో అమెరికన్ కాంగ్రెస్ ప్రభుత్వ భూములను అక్రమంగా చుట్టివేయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ ఆగస్టులో అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ అటువంటి కంచెలను తొలగించవలసిందిగా ప్రకటన జారీచేశాడు.

చట్టం చేయలేని పనిని ఒక చలికాలం చేసింది. 1886 వేసవిలో వానలు లేవు. మితిమీరిన మందలు గడ్డిని మొదళ్ళదాకా మేసేశాయి. తర్వాత కురిసిన మంచు మధ్యలో కొంత కరిగి మళ్ళీ గడ్డకట్టి, నేలమీద గాజుపలకలా పరుచుకుంది. పశువులు గిట్టలతో దాన్ని పగలగొట్టలేక, గాలివాలున నడిచిపోయి, తీగకంచెలకు అడ్డుపడి గుట్టలుగా చచ్చాయి. అప్పట్లో కౌబాయ్‌గా ఉన్న చార్లీ రస్సెల్‌ను మంద ఎలా ఉందని యజమాని తరఫున అడిగితే, జవాబుగా ఒక చిన్న అట్టమీద నీటిరంగుల్లో బొమ్మ వేశాడు: మంచులో ఒంటరిగా నిలబడ్డ ఎముకలగూడు లాంటి ఆవు, చుట్టూ కాచుక్కూచున్న తోడేళ్ళ వంటి కయోటీలు. ఆ బొమ్మే తర్వాత అతన్ని ప్రసిద్ధ చిత్రకారుణ్ణి చేసింది.

ఎందరో దివాలా తీశారు. కోర్స్ బ్యూట్ నగరంలోని ఒక బ్యాంకరు పూచీ అడగకుండా ఇచ్చిన 1,00,000 డాలర్ల అప్పుతో నిలదొక్కుకున్నాడు. ఆ దెబ్బతో అందరికీ తెలిసివచ్చినది ఒకటే: పశువును దేవుడిమీద వదిలేస్తే కుదరదు. గడ్డి పెంచాలి, కోసి వామి వేయాలి, చలికాలం చేతులారా మేపాలి. గడ్డి పెంచాలంటే ముందు దాని చుట్టూ కంచె ఉండాలి. డీర్ లాడ్జ్ కంచెల్లో కనిపించేది ఈ మలుపే. సరిహద్దులేని పశుసామ్రాజ్యం, నిర్ణీతమైన పొలంగా కుంచించుకుపోయిన వైనం.

గుంజ పాతని కంచె

బృందం కడుతున్న కంచెను అక్కడ 'జాక్‌లెగ్' అంటారు. వయోమింగ్ వైపు 'బక్ అండ్ రెయిల్' అని పేరు. దీనికి ఒక్క గుంజ కూడా నేలలో పాతరు. రాళ్ళనేలలో, చిత్తడినేలలో, చలికి గడ్డకట్టే నేలలో గుంట తవ్వడం కష్టం. తవ్వి పాతినా, మంచు నీరై మళ్ళీ గడ్డకట్టే క్రమంలో గుంజను పైకి తోసేస్తుంది. అందువల్ల రెండు దుంగలకు గాట్లు కొట్టి, ఒకదాన్నొకటి దాటేలా పొదిగి, మేకుతో బిగిస్తారు. అలాంటి జంట కాళ్ళను వరుసగా నిలబెట్టి, పశువులుండే వైపు నాలుగైదు అడ్డుకర్రలు కొడతారు. వెనకవైపు కింద ఒక కర్ర కాళ్ళను విడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆబోతు ఒరిగినా, బరువంతా కాళ్ళ వాలు మీదుగా నేలకు దిగిపోతుంది.

కర్ర లాడ్జ్‌పోల్ పైన్. వెదురులా సన్నగా, నిటారుగా పెరిగే చెట్టు. తొక్క ఉంచితే దానికింద తేమ నిలిచి, పురుగు చేరి కర్ర తొందరగా పుచ్చుతుంది. అందుకే రెండు పిడుల కత్తిని తమవైపు లాగుతూ తొక్క ఒలుస్తారు. మా అమ్మాయికి మొదటి మూడు రోజులూ ఇదే పని. అరచేతుల్లో బొబ్బలు చూపిస్తూ, "నాన్నా, కత్తి కోణం మారిస్తే బలం అక్కర్లేదు, తెలుసా?" అంది. శస్త్రచికిత్స నేర్చుకుంటున్న రోజుల్లో మా ప్రొఫెసరుగారు అన్నదీ ఇంచుమించు ఇదే.

పుచ్చిన కర్రను ఎప్పుడు తీసేయాలన్న దానికీ నియమాలున్నాయి. 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం తర్వాత రూపుదిద్దుకున్న ప్రమాణాల సారం ఇది: బాగుచేయగలిగినదాన్ని మార్చవద్దు, మార్చక తప్పనప్పుడు కొత్తది రూపంలోనూ, వీలైతే పదార్థంలోనూ పాతదాన్ని పోలి ఉండాలి. వైద్యుడికి ఇది పరిచితమైన ధర్మమే. ప్రాణమున్న కణజాలాన్ని కోయం. పిల్లలు ప్రతి కర్రనూ సన్నటి ఇనపమొనతో పొడిచి, లోపల గట్టిదనం ఉంటే వదిలేస్తున్నారు.

యువకుల చేతులు

ఈ పనికి యువకులను పిలవడం కొత్తేమీ కాదు. మహామాంద్యం రోజుల్లో, 1933లో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌ను స్థాపించాడు. 1942 దాకా సుమారు 30 లక్షల మంది అందులో పనిచేశారు. నెల జీతం 30 డాలర్లు. అందులో 25 ఇంటికి పంపాలి. 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం వచ్చి ప్రభుత్వ భూముల్లో మేతకు అనుమతి, రుసుము ఏర్పడ్డాక, ఆ భూముల్లో కంచెలు వేసినవారిలో ఈ యువకులూ ఉన్నారు. నల్లజాతి యువకులను చాలావరకు వేరే శిబిరాల్లో ఉంచారన్నదీ ఆ చరిత్రలో భాగమే.

స్వచ్ఛంద సేవ రూపంలో దీన్ని మళ్ళీ మొదలుపెట్టినది ఒక విద్యార్థిని. ఎలిజబెత్ కుష్మన్ 1955లో వాసర్ కళాశాలలో తన పరిశోధనాపత్రంగా విద్యార్థుల పరిరక్షణ దళాన్ని ప్రతిపాదించింది. 1957లో గ్రాండ్ టీటాన్, ఒలింపిక్ జాతీయ ఉద్యానాల్లో తొలి బృందాలు పనిచేశాయి. అదే స్టూడెంట్ కన్జర్వేషన్ అసోసియేషన్‌కు నాంది.

ఏ కంచె, ఎంతవరకు

కంచెను పునరుద్ధరించడమంటే ఆ కంచె చేసిన పనులన్నిటినీ మెచ్చుకోవడమా? ఈ ప్రశ్నను బృందంలోని పిల్లలే అడిగారట. దాని వల్ల దారి మూసుకుపోయినవాళ్ళూ ఉన్నారు గదా అని. ప్రశ్న మనుషులతోనే ఆగదు. మొంటానా, వయోమింగ్ మైదానాల్లోని ప్రాంగ్‌హార్న్ అనే జింకవంటి జంతువు అతివేగంగా పరుగెత్తగలదు కానీ, కంచె దూకడానికి ఇష్టపడదు, కిందనుంచి దూరుతుంది. కింది తీగ తక్కువ ఎత్తులో ఉంటే దాని వలసదారి అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు అదే రాష్ట్రాల్లో మరికొన్ని స్వచ్ఛంద బృందాలు అక్కర్లేని తీగకంచెలను చుట్టచుట్టి తీసేస్తున్నాయి; ఉండవలసినచోట కింది తీగను ముళ్ళులేనిదిగా మార్చి, నేలకు 16–18 అంగుళాల ఎత్తున కడుతున్నాయి.

ఒకచోట కట్టడం, ఒకచోట తీసేయడం. పైకి విరుద్ధంగా కనిపించినా రెండూ ఒకే తెలివిడి నుంచి వచ్చినవని నాకు అనిపిస్తుంది. ఏ కంచె ఎందుకు పుట్టిందో తెలిసినవాడికే ఏది నిలపాలో, ఏది విప్పాలో తెలుస్తుంది. జాక్‌లెగ్ కంచెను నిలపడం కోర్స్‌ను కీర్తించడం కాదు. కోటి ఎకరాల మేత ఎలా వచ్చి, ఎలా పోయిందో చెప్పే సాక్ష్యాన్ని చెరిగిపోకుండా ఉంచడం. సాక్ష్యం పోతే, క్వారా బంధువులు నడిచిన ఆ లోయ మొదటినుంచీ ఎవరిదీ కాదన్న అబద్ధం సులువుగా నిలుస్తుంది.

నా తొలి సందేహానికి జవాబు కూడా అక్కడే దొరికింది. ఆ కంచెలో 1880ల నాటి కర్ర ఒక్కటీ ఉండకపోవచ్చు. నిలిచి ఉన్నది కర్ర కాదు; గాటు ఎక్కడ కొట్టాలో, కాలు ఎంత వాలున నిలపాలో తెలిసిన నేర్పు. అది పుస్తకంలో పూర్తిగా ఇమడదు. ఇరవై ముప్ఫయ్యేళ్ళకొకసారి కొత్త చేతులకు అందాలి. ఒక్క తరం అందుకోకపోతే తెగిపోతుంది. కంచె పుచ్చిపోయే స్వభావమే దాన్ని తరతరానికీ నేర్పక తప్పని విద్యగా మార్చింది.

మరుసటి సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మా అమ్మాయి పెరటి దడి చుట్టూ తిరిగి, తాటిమట్టలు ఎలా నేస్తారో చెప్పమని నానమ్మను అడిగింది. అమ్మ నావైపు చూసింది. దడి కట్టడం మా నాన్నగారికి వచ్చు, నేను నేర్చుకోలేదు. చివరికి అమ్మే కొంగు దోపుకుని, నడుం పట్టుకుంటూ వంగి, పిల్లచేత రెండు మట్టలు కట్టించింది.