హొసూరు మిట్ట, కృష్ణగిరి పల్లం: దక్షిణ పినాకిని నీటి చరిత్ర

కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టే నదుల్లో ఉత్తర పినాకిని, అంటే పెన్న, ఆంధ్ర సీమ మీదుగా నెల్లూరు వైపు సాగిపోగా, దక్షిణ పినాకిని బెంగళూరుకు తూర్పుగా దిగి, హొసూరు దగ్గర తమిళనాడులో ప్రవేశించి, కృష్ణగిరిని దాటి కడలూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. ఒక నదికి వాననీటిని సమకూర్చే నేలంతటినీ పరీవాహక ప్రాంతమనీ, అటువంటి రెండు ప్రాంతాలను వేరుచేసే మిట్టను జలవిభాజకమనీ అంటారు. హొసూరు పీఠభూమి మీద అలాంటి మిట్ట ఒకటి ఉన్నందువల్ల, ఒక పక్క కురిసిన వాన దక్షిణ పినాకినిలోకి దిగుతుంటే, డెంకణికోట అడవుల వైపు కురిసినది సనత్కుమార, చిన్నారు నదుల ద్వారా హొగెనకల్ వద్ద కావేరిని చేరుతుంది.

సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న హొసూరు నుంచి 500 మీటర్ల ఎత్తున్న కృష్ణగిరికి నేల వాలుగా దిగుతుంది. అడుగున గట్టి రాయి ఉండడం వల్ల నీరు లోతుకు ఇంకక, వాన వెలిసిన కొద్దిసేపటికే వాగుల్లో పారిపోతుంది. ఈ పరుగును ఆపడానికే పూర్వులు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. పై చెరువు నిండాక మిగులు నీరు అలుగు మీదుగా పొర్లి కింది చెరువులో చేరుతుంది. పొలాలకు కావలసిన నీటిని కట్టలో అమర్చిన తూము ద్వారా వదులుతారు. విజయనగర రాజ్యంలోని తెలుగు, కన్నడ సీమల్లో చెరువు కట్టించినవారికి, దానిని సంరక్షించినవారికి దశబంధం పేరిట భూమి ఇచ్చే ఆచారం ఉండేది.

1792లో శ్రీరంగపట్నం సంధితో, కృష్ణగిరి ఉన్న బారామహల్ సీమ ఈస్టిండియా కంపెనీకి దక్కగా, మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ మరణించిన 1799లో హొసూరు సీమ కూడా కలిసింది. కంపెనీ అధికారులు అలెగ్జాండర్ రీడ్, థామస్ మన్రోలు బారామహల్‌లో భూములు కొలిపించి శిస్తు నిర్ణయించినప్పుడు, నీటి ఆధారమున్న మాగాణిని, వానను నమ్ముకున్న మెట్టను వేర్వేరుగా లెక్కించడంతో చెరువు బాగోగులు సర్కారు రాబడితో ముడిపడ్డాయి. 1950ల చివర కృష్ణగిరి జలాశయం, ఆ తరువాత హొసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్ట నిర్మాణమయ్యాక, ఊళ్ల చెరువులు చేసిన పనిలో కొంత భాగం నది మీదికే మారింది.

ఎగువవారు ఎంత నిలుపుకోవచ్చు, దిగువకు ఎంత వదలాలి అనే చెరువుకట్ట వివాదం కూడా అలాగే రాజ్యాల స్థాయికి పెరిగింది. మద్రాసు సమ్మతి లేకుండా నిర్దేశిత నదులపై కొత్త జలాశయాలు కట్టరాదని 1892లో మైసూరు ఒప్పుకుంది. కృష్ణగిరి ప్రాంతంలో దక్షిణ పినాకినిని కలిసే మార్కండేయ నదిపై కర్ణాటక యార్గోళ్ ఆనకట్ట చేపట్టినప్పుడు తమిళనాడు కోర్టుకెక్కగా, 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆ అభ్యర్థనను తోసిపుచ్చుతూ, ట్రిబ్యునల్ ఏర్పాటు కోరవచ్చని సూచించింది. పరీవాహక ప్రాంతం ఒక్కటే అయినా పాలన రెండు రాష్ట్రాలది కావడంతో, ఒకప్పుడు ఊరి పెద్దలు తీర్చిన నీటి తగవు న్యాయస్థానం దాకా వెళ్లింది.