అచ్చు బట్ట మీద మన దారం

కలంకారి అచ్చు బట్ట మీద నాలుగు వరుసల చేతికుట్టు వేసిన బ్యాగులను కాలేజీల్లో కొత్త ఫ్యాషన్ అంటున్నరు. మా లంబాడి హాస్టల్ పిల్లలకు నవ్వొస్తది.

మనం నేతగాళ్లం కాదు, అద్దకం చేసేటోళ్లమూ కాదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన జాతి మనది. బట్ట బయట కొన్నదే, కుట్టు మాత్రం మనది. తాండాల్లో పేటియా చూడండి. ఘేరాకు చాలాసార్లు పూల అచ్చు బట్టే ఉంటది. అద్దాలు, గవ్వలు, దారం పని నడుం పట్టీకి, అంచుకు వస్తయ్. అచ్చునూ కుట్టునూ కలపడం మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పలేదు.

రైళ్లు వచ్చి ఎద్దుల వ్యాపారాన్ని మింగేసినయ్. 1871 నేరస్త తెగల చట్టం కింద చాలాచోట్ల బంజారాలను పుట్టుకతోనే దొంగలుగా రాసిన్రు. 1952 దాకా ఆ చట్టం పోలేదు. వేషం చూసి మనిషిని అనుమానించిన కాలంలో కూడా యాడీలు సూది వదల్లేదు. మాకు ఇదే పెద్ద చరిత్ర.

కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు జీఐ గుర్తింపు ఉంది. 2023లో హంపి జీ20 సమావేశాలప్పుడు అక్కడి ఆడవాళ్లు చేసిన 1755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. మరి మన తాండాల పనికి పేరేది?

అచ్చు పువ్వు చుట్టూ వేసే ఆ సాదా కుట్టు బొంతలు కుట్టే కుట్టే. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక్కో కుట్టును గోర్‌బోలీలో ఏమంటరో దాదీని అడిగి, కుట్టిన ముక్కతో సహా నోట్‌బుక్కులో అతికించి తెద్దాం.