ఆమె ఎవరి క్లయింటు?

మా ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ అమెరికా వెళ్ళినవాళ్ళ గురించి మాట్లాడుకునేటప్పుడు కొడుకుల ఉద్యోగాలు చెప్పుకుంటాం, అల్లుళ్ళ జీతాలు చెప్పుకుంటాం. వాళ్ళని అక్కడికి చేర్చిన కాగితాలు రాసిన లాయరు మాత్రం మన మాటల్లోకి రారు. చరిత్ర పాఠాలు చెప్పే నాకు ఆ కాగితాలే ముఖ్యంగా కనిపిస్తాయి. నా దగ్గర చదువుకున్న గూడెం అమ్మాయి ఒకసారి డాలస్ నుంచి వచ్చినప్పుడు తన వీసా ఫైలు చూపించింది. భర్త చదువు, అనుభవం, అతను చేసే పని ఎంత ప్రత్యేకమైనదో చెప్పే పేజీలు బోలెడున్నాయి. ఆమెవి పాస్‌పోర్టు నకలు, పెళ్ళి సర్టిఫికెట్టు. "నా ఎమ్మెస్సీ ఇందులో ఎక్కడా లేదు మేడమ్" అంది. ఎవరో మరిచిపోవడం వల్ల అలా జరగలేదు. దాని వెనక వందేళ్ళకి పైబడిన చరిత్ర ఉంది.

ముందు ఆ లాయరు చేసే పని ఏమిటో చూద్దాం. హెచ్-1బి కోసం పిటిషన్ వేసేది ఉద్యోగి కాదు, కంపెనీ. ఫలానా జీతం ఇస్తామని కార్మిక శాఖకి హామీ ఇచ్చి, తర్వాత ఐ-129 ఫారం దాఖలు చెయ్యాలి. ఈ ఉద్యోగానికి ఈ డిగ్రీ తప్పనిసరి అని ఒప్పించే ఉత్తరం రాయడంలోనే లాయరు నేర్పంతా ఉంటుంది. గ్రీన్‌కార్డు దశలో, 2005 నుంచి పెర్మ్ అనే పద్ధతిలో, ప్రకటనలు ఇచ్చి అర్హులైన అమెరికన్లు దొరకలేదని చూపించాలి. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న నిబంధన వల్ల ఆ తర్వాత మనవాళ్ళు ఏళ్ళ తరబడి వరసలో నిలబడాలి. ఇందులో లాయరుని పెట్టుకునేది కంపెనీ. చాలాచోట్ల ఉద్యోగినీ క్లయింటుగానే లెక్కిస్తారు. భార్య మాత్రం వెనకాల జతచేసిన 'డిపెండెంట్'. లాయరు స్త్రీ అయినా, మనసున్న మనిషి అయినా, వృత్తి ధర్మం క్లయింటు పక్షానే నిలబడమంటుంది.

ఈ 'డిపెండెంట్' ఎక్కణ్ణించి వచ్చింది? విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ పౌరసత్వం కోల్పోతుందని 1907లో అక్కడ చట్టం చేశారు. భర్తది ఏ దేశమైతే భార్యదీ అదే అన్నమాట. 1922లో వచ్చిన కేబుల్ చట్టం దీన్ని కొంత సరిదిద్దింది కానీ, పౌరసత్వానికి అర్హత లేని జాతుల మగవాళ్ళని పెళ్ళి చేసుకున్న స్త్రీలని వదిలేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు 'తెల్లవాళ్ళు' కారని సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో తారకనాథ్ దాస్ భార్య మేరీ, అమెరికన్ అయి ఉండీ, ఏ దేశానికీ చెందని మనిషైపోయింది. థింద్ తరఫు లాయరు సఖారాం గణేశ్ పండిత్. ప్రభుత్వం ఆయన పౌరసత్వమే రద్దు చేయబోతే, తన కేసు తనే వాదించుకుని 1926లో అప్పీలు కోర్టులో నిలబెట్టుకున్నాడు. భర్త గెలిస్తే భార్య గట్టెక్కుతుంది, ఓడితే ఆమే మునుగుతుంది.

1990 చట్టం హెచ్-1బిని ఇప్పటి రూపంలోకి తెచ్చి ఏడాదికి 65,000 అని పరిమితి పెట్టింది. 2001 నుంచి 2003 దాకా అది 1,95,000కి పెరిగింది. మన ఊళ్ళ నుంచి విమానాలెక్కిన కాలం అదే. 2000లో వచ్చిన చట్టం ఉద్యోగికి కంపెనీ మారే వీలు, గ్రీన్‌కార్డు వరసలో ఉంటే ఆరేళ్ళు దాటి ఉండే వీలు ఇచ్చింది. అతని భార్య పని చేసుకోవడానికి మరో పదిహేనేళ్ళు ఆగాలి. 2015 మే 26న హెచ్-4 భార్యలకి పని అనుమతి మొదలైంది, అదీ భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక మెట్టు దాటితేనే. అలా అనుమతి పొందినవాళ్ళలో 90 శాతానికి పైగా ఆడవాళ్ళు, అత్యధికులు భారతీయులు.

ఇంకో సంగతి చూడండి. హింసకి గురైన హెచ్-4 భార్య భర్తతో నిమిత్తం లేకుండా పని అనుమతి అడగొచ్చని 2005 నాటి చట్టం చెప్పింది. అందుకు కావలసిన ఫారం 2017లో గానీ రాలేదు. భర్త కొట్టాడని రుజువు చేసుకుంటే ఆమె స్వతంత్ర వ్యక్తి. లేకపోతే ఆశ్రితురాలే!

ఇవే గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళే స్త్రీలకి ఏ కంపెనీ లాయరూ ఉండరు. వాళ్ళకి ఏజెంటు, అక్కడ కఫీల్ ఉంటారు. అంతగా చదువుకోని స్త్రీ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళాలంటే ముప్పై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వమే షరతు పెట్టింది. కుటుంబాన్ని పోషించే ఆమెని చట్టం రక్షణ పేరుతో కట్టేసింది. చదువుకున్న ఆమెని ఆశ్రయం పేరుతో కట్టేసింది.

కాగితంలో పేరు లేకపోవడమంటే ఏమిటో కొల్లేటి లంకల వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు సొసైటీ సభ్యులకి చూపించుకోవడానికి ఏదో ఒక రికార్డు ఉంది. ఆ చెరువుల మీద కూలి చేసుకునే ఆడవాళ్ళకి తమ పని పోయిందని చూపించడానికి కాగితమే లేదు.

2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించగానే మన పత్రికలన్నీ కుర్రాళ్ళ భవిష్యత్తు గురించి రాశాయి. ఆ అక్టోబర్‌లోనే హెచ్-4 పని అనుమతిని సవాలు చేసిన కేసు వినడానికి అమెరికా సుప్రీంకోర్టు నిరాకరించింది కాబట్టి ఆ అనుమతి నిలిచింది. కానీ రెన్యువల్‌కి పెట్టుకుంటే ఆపాటికి దొరికే పొడిగింపుని అదే నెల 30 నుంచి తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే ఆమె ఉద్యోగం మానుకుని కూర్చోవాలి. ఈ వార్తకి మన పత్రికల్లో ఎంత చోటు దక్కింది?

మన వలసల చరిత్రని కంపెనీ ఫైళ్ళని బట్టి రాస్తే అది క్లయింట్ల చరిత్రే అవుతుంది. ఆడవాళ్ళ దగ్గర వేరే కాగితాలున్నాయి. గడువు తీరిన పని కార్డులు, తిరస్కరణ ఉత్తరాలు, మధ్యలో ఎనిమిదేళ్ళు ఖాళీగా ఉన్న బయోడేటాలు. వాటిని పారెయ్యొద్దని మన పిల్లలకి చెబుదాం. ఆ ఖాళీ ఏళ్ళు ఎవరు, ఏ చట్టంతో సృష్టించారో పక్కన తేదీ వేసి మనమే రాసి పెడదాం.